లంకలో కాపురమా, ఖమ్మంలో కిరాయా

భద్రాచలం వెళ్ళొచ్చామని చెబితే అందరూ మొదట అడిగేది దర్శనం బాగా అయిందా అనే. అయింది, కాదనను. కానీ మేం నలుగురం సంచులు సర్దుకుని బయల్దేరింది దేవుడి కోసం కాదు, ఇంటి కోసం. దేవుడు దారిలో ఉన్నాడు కాబట్టి దండం పెట్టుకుని ముందుకు పోయాం.

ఎనభైల్లో నేను తిరుమలాయపాలెం దగ్గర ఒక చిన్న ఊళ్ళో పంతులమ్మగా పనిచేసేదాన్ని. పిల్లలు తక్కువయ్యారని ఆ ఏడు మా బడిలో ఒక పోస్టు తీసేశారు. ఆ పోస్టులో ఉన్నది నేనే. మా ఆఫీసరు మెత్తని మనిషి. "రెండు చోట్ల ఖాళీలున్నాయమ్మా. ఒకటి ఖమ్మంలో, కాలేజీ పక్కనున్న బడి. రెండోది భద్రాచలం అవతల, గోదావరి నడుమ గుమ్మడిలంకలో. లంకలో ఇల్లు ఊరికే ఇస్తారు. సోమవారం వచ్చి ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

నేను పల్లెలో పుట్టినదాన్ని. ఐదో తరగతి తర్వాత బడి వాగు అవతల ఉందని మా నాయన నన్ను మాన్పించాడు. తరువాత నానా తిప్పలు పడి ప్రైవేటుగా పది కట్టి, ట్రైనింగు చేసి పంతులమ్మనయ్యాను. నా కూతురు సుజాత ఇంట్లో అన్నం తిని, నడుచుకుంటూ కాలేజీకి పోవాలన్నది నా కోరిక. అప్పటికి దానికి ఏడేళ్ళు, కాలేజీ మాట దానికే తెలియదు, అది వేరే సంగతి.

మా ఆయన ఖమ్మం గల్లీల్లో పుట్టి పెరిగినవాడు. టైలరు. "మిషన్ ఏడ పెడితే ఆడ్నే నా ఊరు" అంటాడు. లంకలో ఊరికే ఇల్లు అన్న మాట చెవిన పడ్డ రోజు నుంచి ఆయన మిషన్ తొక్కుడులో హుషారు పెరిగింది. నాకు పట్నం మోజు, ఆయనకు పల్లె మోజు. పెళ్ళిచూపుల్లో జీతం అడిగారు, గోత్రం అడిగారు గానీ ఈ ముక్క మాత్రం ఎవరూ అడగలేదు. పోట్లాడుకుని లాభం లేదని, రెండు చోట్లూ కళ్ళారా చూసి తేల్చుకుందామని బయల్దేరాం. మాఘమాసం, గోదావరి సన్నబడే రోజులు.

ఖమ్మం: డాబా మీద బొద్దింక

మొదటి మజిలీ మా వదిన ఇల్లు. వదినంటే మా ఆయన అక్క. కాలేజీ వెనక గల్లీలో ఉంటుంది. ఆ గల్లీలో ఇల్లన్న ప్రతి ఇంటికీ పైన ఒక గది లేచింది, ఆ గదిలో నలుగురు పిల్లలు చేరారు. గుమ్మాల్లో కిరోసిన్ స్టౌలు, మూలల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం సంచులు, తీగెల మీద ఆరేసిన లుంగీలు, లంగాలు. ఊరు ఊరంతా చదువుకు అద్దెకిచ్చినట్టుంది.

పొద్దున్నే నన్ను నిద్ర లేపింది కోడి కాదు. ఎదురు డాబా మీద ఒక అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ బొద్దింక జీర్ణవ్యవస్థ గట్టిగా వల్లె వేస్తోంది. నేను పళ్ళపొడి అరచేతిలో పోసుకుని అలాగే నిలబడిపోయాను. బొద్దింక పేగులు నాకు సుప్రభాతంలా వినిపించాయి. పలకరిస్తే కిందికి వచ్చింది.

"మాది మధిర దగ్గరండి. నాన్నగారు పత్తి వేస్తారండి. నెలకోసారి ఇంటికెళ్ళి బియ్యం, పచ్చళ్ళు తెచ్చుకుంటాను. అన్నం వండుకోవడమే పెద్ద చదువైపోయిందండి" అని నవ్వింది.

సుజాతకు ఆ వంట బాధ ఉండదు గదా అని నాకు అప్పుడే కడుపు నిండింది.

ఆ సంబరం టిఫిన్ దాకా కూడా నిలవలేదు. వదిన మమ్మల్ని వెంటబెట్టుకుని ఇళ్ళు చూపించడానికి బయల్దేరింది. మా వైపు సంసారులకు ఇల్లిస్తారు గానీ పెళ్ళికాని పిల్లలకు ఇవ్వరు. ఇక్కడ అంతా తలకిందులు. మొదటి ఇంటి ఓనరమ్మ మా చిన్నోడిని పైనుంచి కిందికి చూసింది. వాడికి మూడేళ్ళు. వాడు అప్పటికే ఆమె తులసికోట ఎక్కుతున్నాడు.

"చిన్న పిల్లగాండ్లున్నోళ్ళకు ఇయ్యమమ్మా. స్టూడెంట్లయితే ఎండకాలం ఊరికి పోతరు. మాకు సున్నమేసుకునే టైమన్న దొరుకుతది. మీరు ఏడికి పోతరు?"

నిజమే, మేం ఎక్కడికి పోతాం. ఇంకో రెండు ఇళ్ళలోనూ అదే పాట. నాలుగో ఇల్లు పెంకుటిల్లు. రెండు గదులు, పెరట్లో బావి, నెలకు నూట ఇరవై కిరాయి. నాకు బావి చూడగానే నచ్చింది. ఓనరు పెద్దమనిషి, మర్యాదస్థుడు. అన్నీ మాట్లాడాక చివరికి అన్నాడు: "ఒక మాట ముందుగాల్నే చెప్తున్న. మా పెద్దోనికి సంబంధాలు చూస్తున్నం. పెండ్లి కుదిరితే మీరు ఖాళీ చెయ్యాలె."

మా ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

"చూసినవా? ఇంక ఎక్కనే లేదు, దిగుమంటుండు" అన్నాడు గల్లీలోకి వచ్చాక.

"మా తమ్మునికి చిన్నప్పటి సంది ఓనర్లంటే గిట్టదమ్మా" అంది వదిన. వాళ్ళ నాయన హమాలీ పని చేసేవాడట. ఈ ఖమ్మంలో వాళ్ళు ఉండని గల్లీ లేదట. ఓనరు బిడ్డ ప్రసవానికి వస్తే ఒకసారి, ఓనరు బర్రె ఈనితే ఒకసారి ఖాళీ చేశారట. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పాల్వంచ మీదుగా

మర్నాడు భద్రాచలం బస్సు. కొత్తగూడెం దాకా సుజాతా నేనూ ఒక సీటులో, తండ్రీ కొడుకులు ఇంకో సీటులో. పాల్వంచలో షిఫ్టు దిగిన మనుషులు టిఫిన్ డబ్బాలతో బిలబిలమంటూ ఎక్కారు. కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల పొగ చూసి సుజాత అది మబ్బా అని అడిగింది. ఎవరో నవ్వి, ఆ మబ్బులో వాన పడదు, లైట్లు పడతాయి అన్నాడు.

మా ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి కంపెనీ కాలనీలో ఉంటాడట. ఈయన ఊరుకుంటాడా.

"కంపెనీ ఇల్లు ఎట్లుంటది అన్నా?"

"అవ్, మస్తుంటది. కరెంటు ఫ్రీ, నల్లా ఫ్రీ, రిపేరొస్తే వాళ్ళే చేస్తరు."

"ఎవ్వరు ఖాళీ చెయ్యమనరు గదా?"

"ఎందుకనరు? రిటైరైతే తాళాలు ఇచ్చుడే. నాకింక రెండేండ్లుంది."

మా ఆయన నిట్టూర్చాడు. ఈ మనిషి జిల్లాలో ఉన్న ఓనర్లందరినీ పలకరించడానికే టికెట్టు తీసుకున్నాడా అని నాకు ఒళ్ళు మండింది. అంతలో మా చిన్నోడు ఆ పెద్దమనిషి టిఫిన్ సంచీ మీదే కక్కాడు. బస్సు ఆపించి, రోడ్డు పక్క బోరింగు దగ్గర నేను ఆ సంచీ ఉతుకుతుంటే ఆ పెద్దమనిషే అడ్డుపడ్డాడు. "ఊకో చెల్లె, పిల్లగాడు. రోజు బొగ్గు దుమ్ములుండే సంచి, ఇయ్యాల్నే కడిగినట్టయింది" అన్నాడు. ఇలాంటి మనిషికి రెండేళ్ళ తర్వాత ఎక్కడో మంచి ఇల్లు దొరికే ఉంటుంది. దొరకాలి.

పాల్వంచ దాటాక అడవి మొదలైంది. ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య మోదుగులు పూశాయి. మా ఊళ్ళో మోదుగాకు విస్తళ్ళు కుట్టడమే గానీ ఇన్ని మోదుగు పూలు ఒక్కచోట నేను చూడలేదు. మా ఆయన కిటికీలోంచి తల లోపలికి తీస్తే ఒట్టు.

భద్రాచలంలో బేరం

వంతెన దాటి ఊళ్ళో దిగాం. సత్రంలో సంచులు పడేసి స్నానాలు చేసి దర్శనానికి వెళ్ళాం. నేను ఖమ్మం ఇప్పించు స్వామీ అని మొక్కుకున్నాను. పక్కన ఆయన కళ్ళు మూసుకుని ఏం మొక్కుకుంటున్నాడో నాకు తెలుసు. రాముడికి ఇలాంటి మొగుడూ పెళ్ళాలు రోజుకు ఎంతమంది తగులుతారో పాపం.

ఆ రోజు సంత. అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, చీపురు కట్టలు తెచ్చి ఆకుల మీద కుప్పలు పోసుకుని కూర్చున్నారు. తూకం లేదు, కుప్పకు ఇంత అని లెక్క. నేను మా సంతలో ఆరితేరినదాన్ని. ఒక ముసలమ్మ దగ్గర చింతపండు కుప్ప రూపాయి అంటే ముప్పావలాకు ఇమ్మన్నాను. ఆమె కుప్పలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. అర్ధరూపాయి అన్నాను. ఇంకో పిడికెడు తీసింది. ఆమె తన భాషలో పక్కావిడతో ఏదో అంది, ఇద్దరూ కిసుక్కున నవ్వారు. నేను రూపాయి చేతిలో పెట్టాను. తీసిన రెండు పిడికిళ్ళూ మళ్ళీ కుప్పలో వేసి, పైన ఇంకాస్త కొసరు వేసింది. బేరం ఎలా ఆడాలో నాకు ఆ రోజు తెలిసింది, అయినా మా ఊరి సంతలో ఇంకా పాత పద్ధతే.

గుమ్మడిలంక

శనివారం పొద్దున జీపులో రేవు దాకా వెళ్ళాం. అక్కడి నుంచి నాటు పడవ. పడవ నడిపేవాడు పోశయ్య. నేను కొత్త పంతులమ్మనని తెలియగానే రేవు కూలి తీసుకోనన్నాడు. ఇంకా ఏమీ తేలలేదయ్యా, చూడటానికి వచ్చాం అన్నాను. "చూసినంక ఎవ్వరు పోరమ్మా" అన్నాడు గెడ వేస్తూ. నాకు గుండె జారింది, మా ఆయనకు ముఖం విప్పారింది.

నిజం చెప్పాలి. లంక అందంగా ఉంది. చుట్టూ తెల్లని ఇసుక, నడుమ నల్లటి ఒండ్రు. మిరప తోటలు, పొగాకు, చిక్కుడు పాదులు, పేరుకు తగ్గట్టు ఎటు చూసినా గుమ్మడి తీగెలు. తాటాకు కప్పిన ఇళ్ళు పాతిక దాకా ఉంటాయి. లారీ లేదు, హారను లేదు. అక్కడ పిల్లల కోసం కంగారుపడే తల్లి కనబడలేదు. ఎందుకో కాసేపటికి అర్థమైంది. చిన్న పిల్లలందరి వీపునా ఒక ఎండు సొరకాయ బుర్ర తాడుతో కట్టి ఉంది. నీళ్ళలో పడ్డా బుర్ర తేలుతుంది, దాంతో పిల్లాడూ తేలతాడు. ఈత వచ్చాక బుర్ర విప్పుతారట, ఆ రోజు ఇంట్లో బెల్లం అన్నం.

పోశయ్య తల్లి సీతాలమ్మ. లంకకు ఆమెదే పెద్దరికం. మేం పడవ దిగేసరికి ఒక బుర్ర పట్టుకుని ఎదురొచ్చింది. నన్ను పలకరించడానికి ముందే మా చిన్నోడి వీపుకు కట్టేసింది. వాడు దాన్ని విప్పనివ్వలేదు, అన్నం తినేటప్పుడు కూడా.

"ఇంత నీళ్ళ నడుమ పిల్లల్ని పెంచాలంటే మీకు భయం కాదా పెద్దమ్మా?" అన్నాను.

"మాకు బుర్ర ఉంది బిడ్డా. మీ ఖమ్మంల లారీలు తిరుగుతయంట గదా, వాటికి ఏం కడతరు?"

మా ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మధ్యాహ్నం బొచ్చె చేప పులుసు, జొన్నన్నం. మా ఊరి చెరువు చేపకు ఎంత కడిగినా కాస్త బురద వాసన ఉంటుంది. పారే నీటి చేపకు అది లేదు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. బడి చూశాను. తాటాకు చావడి, నల్లబల్ల, ఇరవై మంది దాకా పిల్లలు. పాత పంతులు ప్రమోషన్ మీద వెళ్ళాడట. బడి పక్కనే పంతులుకిచ్చే ఇల్లు. వెదురు తడికెలకు పేడతో అలికిన గోడలు, లోపల చల్లగా ఉంది. మా ఆయన మెడలోని టేపు తీసి గది కొలవడం మొదలుపెట్టాడు, మిషన్ ఎక్కడ పడుతుందో, కటింగు బల్ల ఎక్కడ పడుతుందో అని.

పాలు పొంగాయి

మా చిన్నోడికి సాయంత్రం పాలు కావాలి. సీతాలమ్మ బర్రె పాలు చెంబుతో పంపింది. ఆ ఇంట్లోనే మూడు రాళ్ళ పొయ్యి ఉంది. పుల్లలు వెలిగించి పాలు పెట్టాను. అంతలో చిన్నోడు వీపున బుర్రతో సహా నీళ్ళ వైపు పరుగెత్తడం తడికెలోంచి కనిపించింది. బుర్ర సంగతి మనసుకు తెలుసు, కాళ్ళకు తెలియదు. "పాలు చూడు" అని మా ఆయనతో చెప్పి పరుగెత్తాను.

వాడిని చంకనేసుకుని తిరిగొచ్చేసరికి మా ఆయన గోడకు టేపు ఆనించి నిలబడి ఉన్నాడు. పొయ్యిలో చుయ్యిమంటోంది. పాలు నురగలు కక్కుతూ రాళ్ళ మీదుగా కారుతున్నాయి.

కొత్త ఇంట్లో పాలు పొంగితే ఏమిటో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. నేను అక్కడే కూలబడ్డాను. గుమ్మంలో సీతాలమ్మ ప్రత్యక్షమైంది.

"పొంగినయా? ఏ దిక్కుకు?"

"తూర్పుకు" అన్నాడు మా ఆయన, ఎవరూ చెప్పకుండానే పొయ్యి చుట్టూ తిరిగి చూసి.

"ఇంకేంది మరి. కాపురం పెట్టినట్టే" అని ఆమె పొయ్యిరాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బయటికి కేకేసింది. ఘడియలో లంకంతా మా గుమ్మం ముందే ఉంది. ఒకరు బియ్యం తెచ్చారు, ఒకరు బెల్లం, పోశయ్య భార్య గుమ్మడికాయ ముక్కలు. మిగిలిన పాలలో ఇంకిన్ని పాలు పోసి గుమ్మడికాయ పరమాన్నం వండారు. బడి పిల్లలు ఆకుల్లో తింటూ నన్ను అప్పుడే "మా పంతులమ్మ" అంటున్నారు. ఒక పిల్ల తన పేరు ఇసుకలో రాసి చూపించింది, ఒక అక్షరం తప్పు. నేను వంగి దిద్దాను. దిద్దాక గానీ తెలియలేదు, నేను అక్కడ పాఠం మొదలుపెట్టేశానని.

పక్కకు లాగి ఆయన్ని దులిపాను. "పాలు చూడమంటే గోడలు చూస్తావా?"

"నేనేం జేసిన? పొంగాలని ఉంటే నువ్వున్నా పొంగుతయ్" అన్నాడు. పదేళ్ళ కాపురంలో ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు.

మా వైపు పాలు పొంగిన ఇల్లు వదిలిపోతే మంచిది కాదంటారు. నేను చదువుకున్నదాన్నే, పిల్లలకు సైన్సు చెబుతాను. అయినా ఆ కారిన పాలు కళ్ళముందు నుంచి పోవడం లేదు. దానికి తోడు ఈ ఆదరణ. ఖమ్మంలో నాలుగు గుమ్మాలు ఎక్కి దిగితే మంచినీళ్ళిచ్చిన వాళ్ళు లేరు, ఇక్కడ అడగకుండా పరమాన్నం. ఆదివారం పొద్దున లేచేసరికి నేను ఓడిపోయాను. సరే, లంకే. సుజాత చదువు ఎలాగో దేవుడు చూడకపోడు. ఆయనకు చెప్పడమే తరువాయి. చెబుదామని లోపలికి వెళ్ళాను. నోట్లో మాట నోట్లోనే ఉంది, కళ్ళల్లో నీళ్ళు మాత్రం ముందే వచ్చాయి.

గుంజల మీది గాట్లు

ఆయన నన్ను చూడలేదనే అనుకున్నాను. గది మూల గుంజ ముందు గొంతుక్కూర్చుని దాన్ని చేత్తో తడుముతున్నాడు.

"గిటు రా. గీ గుంజకు ఒక గాటుంది. దాని పక్కదానికి రెండు. ఆ మూల దానికి మూడు. తడికెలకు గూడ తారు చుక్కలున్నయ్. నేను చొక్కా ముక్కలకు సుద్దతోని గుర్తులు పెడత చూడు, గట్లున్నది. కుట్టినంక గుర్తులతోని పనేముంది? మళ్ళ విప్పేటోడే గిట్ల పెట్టుకుంటడు."

అప్పుడే సీతాలమ్మ జొన్నరొట్టెలు పట్టుకుని వచ్చింది. మా ఆయన అడిగాడు. ఆమె ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసింది.

"విప్పకపోతే ఎట్ల బిడ్డా? ఆషాఢంల కొత్త కోడండ్లు పుట్టింటికి పోతరు గదా, మా ఇండ్లు గూడ పోతయి. నీళ్ళు ఎర్రబడంగనే గుంజలు, తడికెలు, దూలాలు అన్ని పడవెక్కుతయి. ఒడ్డు మీద గుడిసెలేసుకుంటం. దసరా పోయినంక మళ్ళొస్తం."

"బడి?" అన్నాను.

"బడి గూడ పడవెక్కుద్ది. నల్లబల్ల మా పోశయ్యే మోస్తడు."

"మళ్ళొచ్చినంక ఇదే జాగల పాతుతరా?" అన్నాడు మా ఆయన, గుంజ మీంచి చెయ్యి తీయకుండా.

"లంక ఆడ్నే ఉంటే గదా. కొంత కొట్టుకపోతది, కొంత కొత్తగ మేటేస్తది. ఏడ మెరకుంటే ఆడ. ఒక్కోయేడు మా ఇల్లు పోశయ్య మామ ఇంటి పక్కనుంటది, ఒక్కోయేడు ఈ కొసకు."

"విప్పేటప్పుడు బాధ కాదా పెద్దమ్మా?"

"బాధేంది? ఆ రోజు కోణ్ణి కోస్తం."

నాకు మాత్రం ఒక్కటే అడగాలనిపించింది. నిన్న పొంగిన పాల మాటేమిటి?

సీతాలమ్మ నవ్వింది. "లంకల పొంగిన పాలు వరద దాకనే లెక్క బిడ్డా. మళ్ళ ఇల్లు లేపినంక మళ్ళ పొంగిస్తం. నేను కాపురానికొచ్చిన కాడికెల్లి ఎన్నిసార్లు పొంగిచ్చిన్నో నాకే యాదిలేదు. గా పాలకోసమైతే నువ్వు ఉండకు. ఉండాలనిపిస్తేనే ఉండు."

ఆమెకు అన్నీ అర్థమయ్యాయని అప్పుడు తెలిసింది. నా ఛాతీ మీంచి రుబ్బురోలు దింపినట్టయింది. రొట్టె తీసుకుని నిలబడే తిన్నాను.

రేవు దాటాక

మధ్యాహ్నం పడవెక్కాం. బుర్ర విప్పినందుకు చిన్నోడు ఒడ్డు చేరేదాకా ఏడ్చాడు. మా ఆయన టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఇంకా లంక అనే అంటే ఏం చెప్పాలన్నది నాలో నేను కూడబలుక్కుంటున్నాను.

భద్రాచలం బస్టాండులో చాయ్ తాగుతుండగా అన్నాడు: "గోదారమ్మ గూడ ఓనరేనే."

నేను తల తిప్పి చూశాను.

"మన ఖమ్మం ఓనర్లు పెండ్లికో పేరంటానికో ఖాళీ చెయ్యమంటరు. ఈమె ఏటేటా చెయ్యమంటది. నేను చూడని ఓనరంటే ఈమె ఒక్కతే ఉండె. ఈమెను గూడ చూసిన."

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఎంతకూ ఆగలేదు, చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఆపుకోలేక ఉన్నమాట చెప్పేశాను. "పొద్దున నేను లంకకే సరే అందామనుకున్న."

"తెలుసు. నీ మొఖం చూస్తే తెలువదా? గుంజ కాడ కూసున్న గానీ, నువ్వెక్కడ సరే అంటవో అని ఒకటే భయం. నువ్వు ఒప్పుకున్నంక నేను కాదంటే మంచిగుంటదా?"

సుజాత నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోతోంది. ఆయన దాని జడ సరిచేశాడు.

"నేను ఆరో తరగతిల ఎందుకు ఆగిన్నో నీకెన్నడు చెప్పలే. మా అయ్యకు పైసల్లేక అనుకున్నవు గదా. గది కాదు. ఇల్లు మారినప్పుడల్ల నాకు బడి మారింది. ఆఖరి బడిల సారు నా పేరడిగిండు, చెప్పిన. తెల్లారి మళ్ళ అడిగిండు. మళ్ళ చెప్పిన. మూడోనాడు గూడ అడిగిండు. ఇగ పోబుద్ధి కాలే. మిషన్ నేర్చుకుంట అన్న."

పదేళ్ళుగా ఈ మనిషికి చదువంటే లెక్కలేదని మా వాళ్ళ దగ్గర చెప్పుకుంటూ వచ్చాను.

"ఖమ్మంల ఇండ్లు ఎన్నన్న మారనీ. మారుడు నాకు అలవాటే. పిల్లలకు బడి మారొద్దు. ఆ బడిల నువ్వుంటవ్. నువ్వయితే పేరు మర్చిపోవు గదా" అన్నాడు.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. అడవి దాటేదాకా నేను మోదుగు పూలు చూస్తూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆయన చూశాడు, పోయేటప్పుడు నా వంతు. కొత్తగూడెంలో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు కొనిపించుకుని తిన్నాను.

ఆ తరువాత

సోమవారం వెళ్ళి ఖమ్మం అని చెప్పాను. ఆఫీసరు, లంకకు ఈత వచ్చిన కుర్ర పంతులు ఒకడు దొరికాడులే అన్నాడు. నాకు ఆ దిగులూ తీరింది. బావి ఉన్న పెంకుటిల్లే తీసుకున్నాం. ఆ పెద్దమనిషి మా చిన్నోడు గోడల మీద గీసిన బొమ్మలకు కూడా కోప్పడలేదు. అయితే చెప్పినట్టే ఏడాది తిరక్కుండా కొడుకు పెళ్ళి కుదిరింది, చెప్పినట్టే ఖాళీ చెయ్యమన్నాడు. శుభలేఖ ఇచ్చి మరీ అడిగాడు.

ఇల్లు మారిన రోజు బడి ఉంది. నేను సెలవు పెట్టలేదు. పిల్లలను తీసుకుని పాత ఇంట్లోంచి బడికి వెళ్ళాను. మేం బళ్ళో ఉండగానే మా ఆయన, వదిన కలిసి తోపుడు బండి మీద సామానంతా చేరవేశారు. సుజాత ఆ రోజు ఎక్కాల్లో ఫస్టు వచ్చింది. సాయంత్రం గంట కొట్టాక సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఇయ్యాల ఏ పక్కకు?" అని అడిగింది. ఎడమ పక్కకు అన్నాను. సరేనని తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.